ఊట ఒక్కటే

సహారాలో, తిమిమూన్ దాటాక,
ఇసుక కింద మనిషెత్తు సొరంగంలో
నీళ్లు నడిచి వస్తాయి తోటలకి.
వెలుగు చూసిన చోట వాటికో రాతి దువ్వెన.
పళ్ల సందుల్లోంచి ఎవరి పాయ వారికి.

ఆ పాయలు కొలిచే ముసలాయన హమ్మూ.
ఆయన ఆస్తి ఒక రాగి పలక,
దానికి ఇరవై నాలుగు చిల్లులు, ఒక ముద్ద బంకమన్ను.
మన్ను పెట్టి మూస్తాడు, వేలితో పొడిచి తెరుస్తాడు.
ఒక్కో చిల్లు ఒక్కో ఖీరాతు.
మాట తక్కువ. చెయ్యి ఎప్పుడూ తడి.

ఉమ్మెల్ ఖీర్ వచ్చింది,
తమ్ముడి నలభయ్యో రోజు వెళ్లిన మర్నాడు.
"నాదొక మూడో వంతు ఉంది.
వాడి పావు వంతు ఇప్పుడు నా పేర పడింది.
మొత్తం ఎంతో చెప్పు,
ఎన్ని పిలకలు నాటాలో తేల్చుకోవాలి."

తాతకంటే ముందు మనవరాలు రబ్హా నోరు విప్పింది.
బడిలో నిన్ననే భిన్నాలు మొదలుపెట్టారు.
"ఒకటీ ఒకటీ రెండు. మూడూ నాలుగూ ఏడు.
ఏడింట రెండు వంతులు!"

హమ్మూ కాదనలేదు.
పలక నీళ్లలో దించి ఎనిమిది చిల్లులు తెరిచాడు.
"ఇది మొన్నటిదాకా ఈవిడది."
ఒకటి మూశాడు. ఇంకొకదానికి
గోటితో రవ్వంత మన్ను అంటించి ఇరుకు చేశాడు.
"ఇది నీ ఏడింట రెండు."

నీటి చప్పుడు సన్నబడింది.
ఉమ్మెల్ ఖీర్ వంగి చూసింది.
"అయితే వాడు పోతూ
నా నీళ్లు కూడా కాసిని పట్టుకుపోయాడా?"

రబ్హా చెవులు వేడెక్కాయి.

మా తెలుగులో గీత కింది అంకెని హారం అంటాం.
చిన్నప్పుడు నాదీ ఇదే తప్పు.
హారమంటే దండే కదా, రెండు దండలు ముడేస్తే
పెద్ద దండవుతుందనుకున్నాను.
ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశారు, ఎందుకో చెప్పలేదు.
నీళ్లు పారించి చూపే హమ్మూ నాకు దొరకలేదు.

"వంతులు పక్కన పెట్టు. చిల్లుల్లో చెప్పు.
పలకంతా ఇరవై నాలుగు. అందులో మూడో వంతు?"
"ఎనిమిది."
"పావు?"
వేళ్లు మడిచింది. "ఆరు."
"ఇప్పుడు కలుపు."
"పద్నాలుగు." ఆగి, "మరి కింద?
ఇరవై నాలుగూ ఇరవై నాలుగూ నలభై ఎనిమిదా?"
హమ్మూ సొరంగం నోటి వైపు గడ్డం విసిరాడు.
"ఊటలు ఎన్ని?"
"ఒక్కటే."
"మరి?"

పద్నాలుగు చిల్లుల చప్పుడు
ఉమ్మెల్ ఖీర్ కళ్లు మూసుకుని వింది.
ఎనిమిది తనవి. ఏ ఆరు వాడివో
నీళ్లలో ఆనవాలు లేదు.

ఆ రాత్రి రబ్హాకి నిద్ర పట్టలేదు.
ఐదో వంతువాడు ఎవడైనా వస్తే?
ఇరవై నాలుగులో ఐదుకి చోటు లేదు,
నాలుగు చిల్లులు నిండుగా, ఐదోది కుంటుతూ.
"తాతా, ఐదో వంతో?"
"నా ఎరుకలో ఎవరూ అడగలేదు. పడుకో."

పడుకోలేదు. సెల్‌ఫోన్ వెలుతురులో
మట్టితో అప్పచ్చి చరిచి
ఖర్జూరపు ముల్లుతో పొడుస్తూ పోయింది.
ముప్పైలో నాలుగు ఇమడలేదు.
నలభై దగ్గర మూడు మొరాయించింది.
అరవైకి వచ్చేసరికి మూడూ నాలుగూ ఐదూ
ఒకే గుమ్మంలోంచి, తల వంచకుండా, లోపలికొచ్చాయి.
ఇరవై, పదిహేను, పన్నెండు.
అరవైలో నలభై ఏడు.

తెల్లారి పాయలో పెడితే పచ్చి మట్టి కరిగిపోయింది.
లెక్క మాత్రం గోడ మీద బొగ్గుతో ఉంది.
హమ్మూ దాన్ని చూశాడు, చాలాసేపు,
ఆ మూల సున్నం వెయ్యొద్దని ఇంట్లో చెప్పాడు.

వారం పోయాక ఉమ్మెల్ ఖీర్
ముసుగు కొసలో ఖర్జూరాలు మూటగట్టి తెచ్చింది.
"ఖీరాతుకొకటి."
రబ్హా లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.
పదమూడే.
"దారిలో ఒకటి తిన్నాను," అంది ఆవిడ,
"తమ్ముడి వాటాలోది."